శుభలేఖ మీద సన్నని చేతిరాత ఫాంటు: ఎంచుకోవడం నుంచి ప్రెస్సుకు పంపేదాకా

కొన్నేళ్ల కిందట నేను చేసిన ఒక పెళ్లికార్డులో వధువు పేరు సుధ. మెరూన్ కాగితం, బంగారు రంగు ఇంకు, జాలీ గుండా ఇంకు నెట్టి అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్. కంప్యూటర్ మీద ఆ పేరు నూలుపోగుతో అల్లినట్టు ఎంత ముద్దుగా ఉందో! కార్డులు వచ్చాక చూస్తే ‘ధ’ కింద ఉండాల్సిన చిన్న గీత ఇంకులో కలిసిపోయింది. సుధ కాస్తా ‘సుద’ అయింది. దాని కింద ఇంగ్లిషులో వేసిన పేరు పరిస్థితి ఇంకా ఘోరం. అక్షరాన్ని అక్షరాన్ని కలిపే సన్నగీతలన్నీ తెగిపోయి, దారం తెగిన పూసల్లా ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

తప్పు ప్రెస్సుది కాదు, నాదే. తెర మీద జూమ్ చేసి చూసుకుని మురిశానే గాని, కాగితం మీద ఆ గీత ఎంత సన్నగా దిగుతుందో కొలవలేదు. కార్డులు మళ్లీ కొట్టించాను, నా జేబులోంచే. అప్పటి నుంచి ఇలాంటి ఫాంటు ఏది చూసినా ముందు అందం చూడను. అందులో అన్నిటికంటే సన్నగా ఉన్న గీత ఎక్కడుందో వెతుకుతాను. ఈ వ్యాసమంతా ఆ గీత చుట్టూనే తిరుగుతుంది.

ముందు అక్షరాన్ని చూడటం

పెళ్లికార్డుల్లో ఎక్కువగా కనిపించే ఇంగ్లిష్ చేతిరాత ఫాంట్లలో గ్రేట్ వైబ్స్ ఒకటి. రాబర్ట్ ల్యూష్కే గీసినది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏదైనా పేరు పెద్ద సైజులో వేసి ఒక్క నిమిషం చూడండి. అక్షరాలు కుడివైపు బాగా వాలి ఉంటాయి. చిన్న అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తాయి. పెద్దక్షరాలకు మాత్రం పట్టుచీర కుచ్చిళ్లలాంటి వంపులు. పైనుంచి కిందికి దిగే గీత లావుగా, కిందినుంచి పైకి ఎక్కే గీత వెంట్రుకలా ఉంటుంది.

ఈ లావు, సన్నం తేడా అలంకారం కోసం ఎవరో కల్పించింది కాదు. సూదిమొన పాళీతో రాసేటప్పుడు కిందికి లాగుతూ నొక్కితే పాళీ రెండుగా విచ్చుకుని ఇంకు ఎక్కువ దిగుతుంది. పైకి వెళ్లేటప్పుడు నొక్కితే మొన కాగితంలో గుచ్చుకుంటుంది కాబట్టి చెయ్యి తేలికవుతుంది, గీత సన్నబడుతుంది. ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల రాతగురువులు ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. వాళ్ల మాదిరి రాతలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసేవారు కనుక దీనికి కాపర్‌ప్లేట్ అన్న పేరు స్థిరపడింది. ఆ గురువుల్లో ఒకడైన చార్లెస్ స్నెల్ రాతను ఆధారం చేసుకునే మాథ్యూ కార్టర్ 1960లలో స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే ఫాంటు గీశాడు.

మన రాత పుట్టుక వేరు. తాటాకు మీద గంటం గీరుకుంటూ పోతుంది, ఆ గాట్లలో తర్వాత మసి పూస్తారు. గంటాన్ని ఎటు తిప్పినా గీత మందం దాదాపు ఒకటే. నిలువు, అడ్డం గీతలు గీస్తే ఆకు చీలుతుందన్న భయం వల్లే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతుంటారు. అందుకే ఇంగ్లిష్ కాపర్‌ప్లేట్ సొగసును తెలుగు అక్షరానికి అలాగే తొడగాలని చూస్తే అద్దె సూటు వేసుకున్న పెళ్లికొడుకులా ఉంటుంది. కలిపిరాత మనకూ లేకపోలేదు. కరణాల పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు అదే. కాకపోతే దాన్ని చదవాలంటే ఇప్పుడు అలవాటున్న మనిషిని వెతుక్కోవాలి. శుభలేఖ మీద అలాంటి పరీక్ష పెట్టకూడదు.

1. ఏ మాటలకు వాడాలో ముందే గీత గీసుకోండి

కార్డులో ఉండే మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. దేవుడి శ్లోకం, ఆహ్వానించేవారి పేర్లు, వధూవరుల పేర్లు, తల్లిదండ్రులు, ముహూర్తం, వేదిక, విందు, ఫోన్ నంబర్లు. వీటిలో నాజూకు ఫాంటు దక్కాల్సినవి రెండే పేర్లు, వధువుది, వరుడిది. మరీ ముచ్చటపడితే మధ్యలో ‘వెడ్స్’ అన్న మాట. అంతే.

ముహూర్తం, వేదిక, ఫోన్ నంబరు చేతిరాత ఫాంటులో వేయమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. ఇలాంటి చాలా ఫాంట్లలో 1, 7 మధ్య తేడా పట్టుకోవడం కష్టం. కల్యాణ మండపం దారి తెలియక ఆటోలో కూర్చుని కార్డు తిప్పుతున్న మేనమామ అవస్థ ఒకసారి ఊహించుకోండి.

మన కార్డులకే ప్రత్యేకమైన చిక్కులు ఇంకో రెండున్నాయి. ఒకటి ఇంటిపేరు, తాతపేరు ఇనీషియల్స్. రెండోది పేరు పక్కన డిగ్రీ. చేతిరాత ఫాంటులో పెద్దక్షరం ఒక్కటే ఉండి దాని వెనక చిన్నక్షరాలు రావాలన్న ఊహతో గీస్తారు. మూడు పెద్దక్షరాలు వరసగా పెడితే వాటి తోకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని జడకుప్పెల ముడిలా తయారవుతాయి. కాబట్టి ఇనీషియల్స్‌నూ, ‘బీటెక్, ఎంఎస్’లనూ, ‘చి.’, ‘చి.ల.సౌ.’లనూ మామూలు ఫాంటులో, చిన్న సైజులో, పేరుకు పైనో కిందో పెట్టండి. డిగ్రీ తీసేయమని అబ్బాయి తండ్రికి చెప్పే ధైర్యం నాకైతే ఇంతవరకు రాలేదు.

2. అసలు పేర్లతోనే పరీక్షించండి

ఫాంటు వెబ్‌సైటులో కనిపించే నమూనా మాటలను నమ్మకండి. ఆ ఫాంటులో ఏ అక్షరాలు బాగా కుదిరాయో అవే అక్కడ పెడతారు. మీకు కావాల్సిన రెండు పేర్లను నాలుగైదు ఫాంట్లలో వేసి ఒకే పేజీ మీద ప్రింటు తీయండి.

చూడాల్సింది మొదటి అక్షరం. తెలుగువారి పేర్లలో ఇంగ్లిషు ఎస్‌తో, ఎల్‌తో మొదలయ్యేవి కోకొల్లలు. చాలా చేతిరాత ఫాంట్లలో ఈ రెండూ కవలల్లా ఉంటాయి. లలిత అన్న పేరు సలితలా కనిపించిందంటే ఆ ఫాంటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. ఐ, జె మధ్య, టి, ఎఫ్ మధ్య కూడా ఇదే గొడవ. తర్వాత మధ్యలోని అక్షరాలు చూడండి. మన పేర్లను ఇంగ్లిషులో రాస్తే హెచ్‌లు, ఐలు, ఎన్‌లు, యూలు చాలా వస్తాయి. ఎన్, యు పక్కపక్కన పడితే కొన్ని ఫాంట్లలో ఉత్త అలల వరసలా ఉంటుంది.

పిన్యన్ స్క్రిప్ట్‌లో లావు, సన్నం తేడా చాలా ఎక్కువ, రాజసం ఉంటుంది. అల్యూరాలో పెద్దక్షరాలు శుభ్రంగా ఉంటాయి, చదవడం తేలిక. అలెక్స్ బ్రష్‌లో కుంచె పోకడ ఉంటుంది. శాక్రమెంటోలో గీత మందం మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకటే. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవే. తెలుగు పక్కన పెట్టడానికి నాకు శాక్రమెంటో తరహా బాగుంటుంది. గంటం రాతకు అదే దగ్గరి చుట్టం మరి.

3. తెలుగు పేరు సంగతి

పైన చెప్పిన ఇంగ్లిష్ ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు. గ్రేట్ వైబ్స్ ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే కంప్యూటర్ గుట్టుచప్పుడు కాకుండా వేరే ఫాంటు తెచ్చి పెడుతుంది, లేదా డబ్బాలు చూపిస్తుంది. తెలుగుకు తెలుగు ఫాంటే వెతకాలి.

సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో లక్కి రెడ్డి చేతిరాత తరహాలో ఉంటుంది. డీటీపీ సెంటర్లలో బాపు చేతిరాతను అనుసరించిన ఫాంట్లు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి. ఆ రాత తెలియని తెలుగు ఇల్లు తక్కువ. ఇవేవీ కాపర్‌ప్లేట్ అంత నాజూకు కావు. కాకపోవడమే మంచిది, ఎందుకంటే తెలుగు అక్షరంలో అర్థమంతా చిన్న చిన్న గీతల్లో దాగి ఉంటుంది. ‘ద’కు, ‘ధ’కు తేడా కింద ఒక్క గీత. ‘ప’కు, ‘ఫ’కు అంతే. ‘ధ’కు, ‘థ’కు తేడా లోపల ఒక్క చుక్క. ‘మ’కు, ‘య’కు తేడా ఒక వంపు. ఇవి పోతే అందం తగ్గడం కాదు, పేరే మారిపోతుంది. మాధవి, రాధ, మేఘన, ధనుంజయ్ లాంటి పేర్లు వస్తే నేను ఒకటికి రెండుసార్లు చూస్తాను.

వత్తులను కూడా చూడండి. ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ లాంటి పేర్లలో వత్తులు కిందికి దిగి కింది వరసను తాకుతాయి. తెలుగు పేరు 30 పాయింట్లలో (పాయింటు అంటే అక్షరం సైజు కొలత) వేస్తే కింది వరస కనీసం 44, 45 పాయింట్ల దూరంలో ఉండేలా చూసుకోండి. అడోబీ డిజైను సాఫ్ట్‌వేర్లయిన ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్ వాడేవారు పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో టైప్ చేసిన మాటర్‌ను యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లు వాడే అక్షరాల సంకేత పద్ధతి) ఫాంటులోకి మారిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి తీసుకున్నా, తర్వాత ప్రతి మాటా కళ్లతో చదువుకోవాల్సిందే.

4. సన్నగీతను కొలవండి

ఈ ఒక్క పని చేస్తే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా కార్డు గట్టెక్కుతుంది.

కోరెల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేరులో పేరును మీరనుకున్న సైజులో వేయండి. దాని కాపీ ఒకటి తీసుకుని కంట్రోల్, క్యూ నొక్కి కర్వ్స్‌లోకి, అంటే టైపు అక్షరం నుంచి గీసిన బొమ్మలోకి, మార్చండి. బాగా జూమ్ చేసి, రెండక్షరాలను కలిపే గీతల్లో అన్నిటికంటే సన్నగా ఉన్నచోటు వెతకండి. 0.1 మి.మీ. వెడల్పున్న చిన్న దీర్ఘచతురస్రం గీసి ఆ గీత పక్కన పెట్టండి. గీత దానికంటే సన్నమా లావా తెలుస్తుంది. వెడల్పును మార్చుకుంటూ పోతే అసలు మందం దొరుకుతుంది.

ఎంత ఉండాలన్నది ఎలా అచ్చువేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది. తెల్లటి నున్నని కాగితం మీద ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో వేసే అచ్చులో) నల్ల ఇంకుకు 0.1 మి.మీ. చాలు. ముదురు రంగు పరిచి అక్షరాన్ని తెల్లగా వదిలేయాలంటే 0.2 మి.మీ. దాకా కావాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి గీతను మింగేస్తుంది. బంగారు ఫాయిల్‌కు 0.25 మి.మీ. వేడి డై (లోహపు అచ్చు) కింద ఆ పల్చటి మెరుపు రేకు సరిగా అంటుకోవాలంటే అంత జాగా అవసరం. స్క్రీన్ ప్రింటింగుకు 0.3 మి.మీ. పైనే. గరుకు కాగితమైతే ఇంకొంచెం. చేత్తో చేసిన కాగితం మీద, పూలరేకులు కలిపిన కాగితం మీద అయితే నాజూకు ఫాంటు జోలికే వెళ్లను. మీ ప్రెస్సులో వాడే జాలీని బట్టి, ఇంకును బట్టి ఇవి మారతాయి కాబట్టి వాళ్లను అడిగి సరిచూసుకోండి.

కొలిచింది చాలకపోతే ఎంత పెంచాలో తేల్చడం చిన్న లెక్కే. గీత మందం సైజుతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 36 పాయింట్ల దగ్గర గీత 0.15 మి.మీ. ఉంది, ఫాయిల్ కోసం 0.25 కావాలి అనుకోండి. 36ను 0.25తో గుణించి 0.15తో భాగిస్తే 60 పాయింట్లు. అంత పెద్ద అక్షరం కార్డులో పట్టదంటే ఫాంటు మార్చాలి, లేదా పేరుకు సన్నటి అంచుగీత కలిపి కాస్త లావు చేయాలి. అంచుగీత కలిపేటప్పుడు దాని మందంలో సగమే బయటికి వస్తుంది. రెండు వైపులా సగం సగం కలుస్తుంది కనుక మొత్తం మీద గీత పెరిగేది అంచుగీత మందమంతే. అవసరానికి మించి లావు చేస్తే చిన్న అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

5. సెట్టింగులు

అక్షరాల మధ్య దూరాన్ని సున్నా దగ్గర ఉంచండి. మామూలు ఫాంట్లకు కాస్త దూరం పెంచితే హుందాగా ఉంటుంది కాబట్టి అలవాటుకొద్దీ ఇక్కడా పెంచేస్తారు. చేతిరాత ఫాంటులో అది చేస్తే కలిసిన చేతులు విడిపోతాయి. అడోబీ సాఫ్ట్‌వేర్లలో కెర్నింగును (జంట అక్షరాల మధ్య దూరాన్ని సర్దే సెట్టింగును) ఆప్టికల్‌లో పెట్టకుండా మెట్రిక్స్‌లో ఉంచండి. ఆప్టికల్ తన లెక్క తాను వేసుకుని అతుకులను చెడగొడుతుంది.

లిగేచర్లు (రెండక్షరాలను కలిపి గీసిన రూపాలు), సందర్భాన్ని బట్టి మారే అక్షరాలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. మంచి ఫాంట్లలో ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు వస్తే జంటకు వేరే రూపం ఉంటుంది. లేకపోతే రెండూ ముద్రకొట్టినట్టు ఒకేలా ఉండి, చేతిరాత కాదని ఇట్టే దొరికిపోతుంది. కొన్నింట్లో పేరు మొదట, చివర సాగే తోకలు వేరే గ్లిఫ్‌లుగా, అంటే విడి అక్షర రూపాలుగా, దొరుకుతాయి. ఒక పేరుకు ఒక్క తోక చాలు. రెండు పేర్లకూ రెండువైపులా తోకలు పెట్టిన కార్డులు చూశాను, సంక్రాంతి గాలిపటాల్లా ఉన్నాయి.

మొత్తం పేరును పెద్దక్షరాల్లో వేయడం, నకిలీ బోల్డు పెట్టడం, ఇప్పటికే వాలిన అక్షరానికి ఇటాలిక్ కొట్టడం, ఈ మూడూ వద్దు.

6. పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి

నాజూకు పేరు పక్కన మిగతా మాటలన్నీ నిశ్శబ్దంగా ఉండాలి. తెలుగుకు మండలి లేదా మల్లన్న లాంటి సాదా ఫాంటు, ఇంగ్లిషుకు అలంకారం లేని ఫాంటు చాలు. ఒక కార్డులో మొత్తం మూడు ఫాంట్లు దాటకండి. రెండు చేతిరాత ఫాంట్లను ఎదురెదురు పెట్టడం ఒకే కచేరీలో ఇద్దరు గాయకుల చేత వేర్వేరు రాగాలు పాడించినట్టు ఉంటుంది.

పేరు చుట్టూ ఖాళీ వదలండి. వెనక మామిడి తోరణం, నెమలి, ముగ్గు బొమ్మలు లేతగానైనా ఉంటే సన్నగీతలు వాటిలో కలిసిపోతాయి. ఇంటివాళ్లు బొమ్మ కావాలని పట్టుబడితే పేరున్న చోట బొమ్మను చెరిపేసి చూపించండి. ఆ ఖాళీ చూశాక చాలామంది ఒప్పుకుంటారు.

7. ప్రెస్సు ఫైలు

రంగు విషయంలో ఒక్క సూత్రం పెట్టుకోండి: సన్నగీతకు ఒక్క ఇంకే. గోధుమరంగును నాలుగు రంగులు కలిపి తెచ్చారనుకోండి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత ఒక్కో రంగులో ఒక్కో చోట పడి మసకబారుతుంది. లావు అక్షరానికి ఆ జరుగుబాటు కనబడదు, వెంట్రుకంత గీతకు కనబడుతుంది. నలుపైతే ఒట్టి నలుపు నూరు శాతం ఇవ్వండి, వేరే రంగైతే ప్రత్యేకంగా కలిపిన ఇంకు అడగండి. లేత రంగు కూడా వద్దు. లేత రంగంటే ప్రెస్సులో చుక్కల వరస, సన్నగీతను చుక్కలు చేస్తే అంచు రంపంలా వస్తుంది.

కర్వ్స్‌లోకి మార్చాక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట్ల అతుకులు ఉంటాయి. అన్నీ ఎంచుకుని వెల్డ్ కొట్టండి, అన్నీ కలిసి ఒకే ఆకారం అవుతాయి. ఇది మరిస్తే ఫాయిల్ డైలోనూ, అంచుగీత పెట్టినప్పుడూ, పారదర్శక రంగు వేసినప్పుడూ ప్రతి అతుకు దగ్గరా గీతలు బయటపడతాయి.

తర్వాత అసలు సైజులో, అంటే నూరు శాతంలో, ప్రింటు తీయండి. చేయి చాపినంత దూరంలో పట్టుకుని చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పేరేమిటో ముందు చెప్పకుండా వాళ్ల చేత చదివించండి. వాళ్లు తడబడిన అక్షరమే మీరు సరిచేయాల్సిన అక్షరం.

8. ఫోనులో పంపే కార్డు

ఇప్పుడు సగం బంధువులకు వాట్సాప్‌లోనే కార్డు అందుతోంది. అమెరికాలో ఉన్నవాళ్లకు అసలు కాగితం కార్డు చేరేదే తక్కువ. అచ్చు కోసం చేసిన పెద్ద కార్డును కుదించి పంపితే పేరు కనిపించదు. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 ఎత్తుతో నిలువుగా మరొకటి చేయండి. అందులో సన్నగీత కనీసం 2, 3 పిక్సెళ్లు ఉండాలి. మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదిస్తుంది, అంచులు చెదురుతాయి. డాక్యుమెంటుగా పంపితే నాణ్యత నిలుస్తుంది. కానీ పిన్నులు, బాబాయిలు దాన్ని ఫార్వర్డ్ చేసేటప్పుడు ఏం చేస్తారో మన చేతుల్లో ఉండదు కనుక ముందే గీత కాస్త లావుగా ఉంచండి.

కార్డు కాకుండా ఇంకా ఎక్కడ

స్వీట్ బాక్సుల మీద స్టిక్కర్లు, బొటిక్ పేరు, ఫొటో ఆల్బమ్ అట్ట, పెళ్లి వేదిక వెనక పెట్టే పేర్లు, ఇంటి నేమ్‌బోర్డు. సూత్రం అదే, కొలత మాత్రం మారుతుంది. లేజరుతో కోసే 3 మి.మీ. మందపు యాక్రిలిక్‌లో సన్నగీత కూడా 3 మి.మీ. ఉండాలి, లేకపోతే తగిలించేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. పైగా అక్కడ అక్షరాలన్నీ కలిసే ఉండాలి. ఇంగ్లిష్ ఐ మీది చుక్క విడిగా ఊడిపోతుంది, దాన్ని ఏదో గీతకు తగిలించాలి. మగ్గం వర్కులో, మెషిన్ ఎంబ్రాయిడరీలో మిల్లీమీటరు కంటే సన్నగీతను కుట్టడం కష్టం. వ్యాపారానికి లోగో చేస్తుంటే బిల్లు పుస్తకం మూలన చిన్నగా కూడా అది కనపడాలని గుర్తుంచుకోండి, చాలా నాజూకు ఫాంట్లు అక్కడే ఓడిపోతాయి.

లైసెన్సు సంగతి రెండు ముక్కలు. నేను పైన చెప్పిన గూగుల్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ఇతర సైట్లలో ఉచితమని దొరికేవాటిలో చాలావాటికి ‘సొంత వాడకానికి మాత్రమే’ అన్న షరతు ఉంటుంది. మీరు డబ్బు తీసుకుని కార్డు చేస్తున్నారంటే అది సొంత వాడకం కాదు.

చివరగా, కర్వ్స్ చేసి వెల్డ్ కొట్టకముందు ఉన్న ఫైలును వేరే పేరుతో దాచిపెట్టండి. కర్వ్స్ చేసిన ఫైలులో అక్షరం మార్చడం కుదరదు. ప్లేటు వేయబోతున్న రోజు రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది: “బాబూ, పంతులుగారు ఇంకోసారి చూశారు, ముహూర్తం 10.42 కాదట, 10.24 అట. అన్నట్టు అమ్మాయి పేరులో ఇంకో హెచ్ పెట్టాలి.”